ఊపిరిని బీరువాలో దాచకండి

కంకిపాడు దగ్గర ఒక పల్లెటూరి నుంచి ఒక సోదరి యీ వారం నాకు నాలుగు పేజీల వుత్తరం వ్రాసింది. పేరు బయట పెట్టవద్దన్నది గనుక పెట్టడం లేదు. ఆవిడ పెద్దమ్మాయికి ఇరవై మూడేళ్లు. చిన్నప్పటి నుంచీ వుబ్బసం. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. "పెళ్లివారికి యీ సంగతి చెప్పి తీరాలా? ఆ పీల్చే మందు నలుగురిలో వాడవద్దని అమ్మాయితో అంటే తప్పా? అసలు ఆ మందు ఒకసారి అలవాటయితే జన్మంతా వదలదంటారు, నిజమేనా?" అని మూడు ప్రశ్నలు వేసింది.

ఇటువంటి వుత్తరాలకు మామూలుగా నాలుగు ముక్కల్లో జవాబు వ్రాసి, తరువాతి వుత్తరం తీస్తాను. కాని యిది చదివి కాస్సేపు కలం కదపలేకపోయాను. ఆవిడ చెయ్యబోతున్న పని నేను ఒకసారి చేశాను. దాని ఫలితం కళ్లారా చూశాను. అంచేత యీ వారం శీర్షిక అంతా ఆవిడకే. మిగతా వుత్తరాల వారు నన్ను మన్నించాలి.

రెండేళ్ల కిందటి మాట. మా ఇల్లు పటమటలో. మా అక్క కూతురికి బెజవాడలో వుద్యోగం దొరికి, మా దగ్గరే వుండేది. పిల్ల చురుకైనది, పని అంటే వెనక్కు తగ్గదు. వుబ్బసం వున్నదన్న మాటే గాని, చేతిసంచీలో నీలం రంగు ఇన్‌హేలరు ఒకటి వేసుకుని తన దారిన తాను తిరిగేది. మా ఇంట్లో దాన్ని "పంపు" అనేవాళ్లం. వంటింట్లో ఎండుమిరపకాయల ఘాటు లేచినా, యెవరైనా బూజు దులిపినా రెండుసార్లు పీల్చి మళ్లీ పనిలో పడేది. నెలకొక పంపు అయిపోయేది. అది మంచిదో చెడ్డదో మాకు తెలియదు. "సుఖంగానే వుంది గదా" అనుకునేవాళ్లం.

సంక్రాంతి వెళ్లిన వారంలో గుడివాడ వైపు నుంచి పెళ్లిచూపులకు వస్తున్నామని కబురు వచ్చింది. అక్క కూడా వూరి నుంచి వచ్చింది. ఇక నా హడావిడి చూడాలి! పరుపులు దులిపించాను, తెరలు మార్పించాను, గది గదికీ అగరువత్తులు వెలిగించాను, బజ్జీలకు మూకుడు పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే, వుబ్బసం వున్న పిల్లను యిబ్బంది పెట్టడానికి యెన్ని వుపాయాలున్నాయో అన్నీ ఒక్క పూటలో చేశానన్న మాట. ఆ సర్దడంలో బల్ల మీద పంపు కనబడింది. చటుక్కున తీసి బీరువాలో పట్టుచీరెల అడుగున పెట్టి తాళం వేశాను.

"అది నా సంచీలో వుండనీ, పిన్నీ" అన్నది పిల్ల.

"రెండు గంటలే గదే! వాళ్లు వెళ్లగానే తీసి యిస్తాను" అన్నాను.

వచ్చిన వాళ్లు మంచివాళ్లే. మాటలు బాగానే సాగాయి. ఆరు గంటలకు వాళ్లు వెళ్లారు. అక్కకు బస్సు వేళయింది. ఆ సంతోషంలో నేనూ, అక్కా, పిల్లా ఆటో యెక్కి బస్‌స్టాండుకు బయలుదేరాం. బీరువా సంగతి నాకు గుర్తులేదు. నాకు కోపం వస్తుందనో యేమో, పిల్ల కూడా అడగలేదు.

బెంజ్ సర్కిల్ సంగతి బెజవాడ వారికి నేను చెప్పనక్కరలేదు. మద్రాసు - కలకత్తా రోడ్డూ, బందరు - హైదరాబాదు రోడ్డూ ఒకదాన్నొకటి కోసుకునే చోటు. 2020లో పై వంతెన వచ్చాక దూరపు లారీలు పైనుంచే పోతున్నాయి గాని, సాయంకాలం వేళ కింద ఆటోలు, బస్సులు, మోటారు సైకిళ్లు ఒకదాని పొగ ఒకటి పీల్చుకుంటూ నిలబడే వుంటాయి. మా ఆటో అక్కడ ఆగిపోయింది. చలికాలపు మంచు, పొగ కలిసి దీపాల చుట్టూ తెరలాగ వున్నది.

పిల్ల అప్పటిదాకా అక్కతో కబుర్లు చెబుతూనే వుంది. కాస్సేపటికి మాటలు పొట్టివయ్యాయి. ఆ తరువాత తల మాత్రం ఆడించింది. చూస్తే రెండు చేతులూ ముందు కమ్మీ మీద ఆనించి, భుజాలు పైకెత్తి, పిల్లికూతలు వినబడేటట్లు ఊపిరి తీస్తున్నది. "పంపు" అన్నది. ఒక్క మాట. నా గుండె ఆగిపోయింది.

ఇంటికి ఫోను చేశాను. మావారు తెస్తానన్నారు. అప్పుడు చెయ్యి నడుముకు పోయింది. బీరువా తాళంచెవి నా రొంటినే వుంది!

ఆటో అబ్బాయి పాతికేళ్లవాడు. వాడికున్న తెలివి నాకు లేకపోయింది. "అమ్మా, అదిగో మందుల షాపు. మీరు తెండి, నేను బండి పక్కకు తీస్తాను" అన్నాడు. పరుగెత్తాను. షాపులో "మందు పేరేమిటి? చీటీ యేదమ్మా?" అన్నారు. పేరు నాకు తెలియదు. మూడేళ్లుగా మా ఇంట్లో వున్న మందు, "నీలం రంగుది" అని తప్ప మరేమీ చెప్పలేకపోయాను. నా మొహం చూసి యేమనుకున్నారో, యిచ్చారు. తెచ్చి, ఆదరాబాదరా పిల్ల నోటి ముందు పెట్టి నొక్కాను. తెల్లటి ఆవిరి గాలిలోకి పోయింది. రెండోసారి నొక్కితే పిల్ల పెదవుల మీద పడింది. పిల్లే నా చేతిలోంచి లాక్కుని, ఆడించి, తానే పీల్చుకున్నది. ఆ పిల్ల చేతులు వణుకుతున్నాయి. నావి అంతకంటే యెక్కువ వణుకుతున్నాయి.

ఆటో అబ్బాయే మమ్మల్ని దగ్గరలోని ఆస్పత్రికి చేర్చాడు. ప్రాణవాయువు పెట్టారు, యంత్రంతో మందు ఆవిరి పట్టించారు. ఆ రాత్రంతా అక్కడే వున్నాం. తెల్లవారి డాక్టరుగారు వచ్చి, అంతా విని, నన్ను చివాట్లు పెట్టలేదు. "నగలు యే బీరువాలో పెట్టుకున్నా ఫరవాలేదు. ఇది మాత్రం చెయ్యి అందే చోట వుండాలి" అన్నారు, అంతే. చివాట్లు పెడితేనే బాగుండుననిపించింది.

ఆ తరువాత ఆయన దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నవీ, పుస్తకాలు తెచ్చుకుని చదువుకున్నవీ మీకు చెబుతాను. వుబ్బసం వున్నవారు మీ ఇంట్లో లేకపోయినా వినండి. పక్కింట్లో వుండవచ్చు, ఆటోలో మీ పక్కన కూర్చుని వుండవచ్చు.

మన ఊపిరితిత్తులలోని గాలి గొట్టాలు పంటకాలువల వంటివి. పెద్ద కాలువ చీలి చిన్న కాలువలై, అవి బోదెలై, చివరి మడిదాకా నీరు వెళ్లినట్లే గాలి వెళుతుంది. వుబ్బసం వున్నవారిలో రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, గొట్టం చుట్టూ వున్న కండరం బిగుసుకుంటుంది. ఇది లాకు తలుపు దించినట్లు. రెండు, గొట్టం లోపలి పొర వాచి, జిగురు కఫం పేరుకుంటుంది. ఇది కాలువలో పూడిక పడ్డట్లు.

నీలం పంపులో సాధారణంగా వుండేది సాల్బుటమాల్ అనే మందు. అది బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది. అంటే తలుపు యెత్తుతుంది. అయిదు నిమిషాలలో గుణం కనబడుతుంది, నాలుగు నుంచి ఆరు గంటలు నిలుస్తుంది. కాని పూడిక తియ్యదు. పూడిక తీసేది వేరే ఇన్‌హేలరు. అందులో స్టిరాయిడు వుంటుంది. ఆయాసం వున్నా లేకపోయినా డాక్టరు చెప్పినట్లు రోజూ పీల్చవలసింది అది. మా పిల్ల చేసిన పొరపాటు యేమిటంటే, "స్టిరాయిడు మందుతో లావెక్కిపోతారు, పిల్లలు పుట్టరు" అని యెవరో పెద్దావిడ చెబితే నమ్మి, ఆ రెండో ఇన్‌హేలరు మానేసింది. పూడిక పెరుగుతూనే వుంది, తలుపు మాత్రం రోజూ యెత్తుతూనే వుంది.

పీల్చే స్టిరాయిడు మోతాదు మైక్రోగ్రాములలో వుంటుంది. మైక్రోగ్రామంటే మిల్లీగ్రాములో వెయ్యోవంతు. మింగే మాత్రలతో దీన్ని పోల్చి భయపడకూడదు. దీని వల్ల పిల్లలు పుట్టకపోవడమన్నది లేదు. పీల్చిన తరువాత నోరు పుక్కిలించి వుమ్మెయ్యాలి. లేకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది.

ఇక "అలవాటు" సంగతి. సాల్బుటమాల్ కల్లు, సారాయి వంటి అలవాటు కాదు. కాని దాన్ని మాటిమాటికీ వాడవలసి వస్తున్నదంటే జబ్బు అదుపులో లేదని అర్థం. వారానికి రెండుసార్లకు మించి అవసరపడుతుంటే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఒక డబ్బాలో రెండు వందల పీల్పులుంటాయి. ఏడాదిలో మూడు డబ్బాలు, అంతకు మించి ఖర్చయ్యే వారికి ప్రమాదకరమైన ఆయాసం వచ్చే అవకాశం పెరుగుతుందనీ, ఏడాదికి పన్నెండు దాటితే ప్రాణభయమే పెరుగుతుందనీ వైద్యులు లెక్కలు తేల్చారు. నెలకొకటి ఖర్చు చేస్తున్న మా పిల్ల "సుఖంగానే వుంది" అనుకున్న మా తెలివి యెంతటిదో చూశారా?

ఈ పాఠం లోకం చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నది. పూర్వం మన దేశంలో వుమ్మెత్త ఆకు పొగ పీల్చేవారు. 1802 ప్రాంతంలో ఆ ఆకు మద్రాసు నుంచి ఇంగ్లండు వెళ్లి, అక్కడ వుబ్బసం చుట్టలుగా, సిగరెట్లుగా అమ్ముడుపోయింది. (ఉమ్మెత్త విషం. ఎవరూ యిప్పుడు ఆ జోలికి పోకండి సుమా!) తరువాత గాజు బుడ్డికి రబ్బరు బంతి తగిలించి, నొక్కి మందు పీల్చేవారు. 1955లో అమెరికాలో ఒక మందుల కంపెనీ అధిపతి కూతురు, పదమూడేళ్ల పిల్ల, వుబ్బసంతో బాధపడుతూ, "తలకు కొట్టుకునే సెంటు డబ్బా నొక్కితే వస్తున్నది గదా, నా మందు అలా యెందుకు రాదు, నాన్నా?" అని అడిగిందట. ఆయన పేరు జార్జి మేసన్, కంపెనీ పేరు రైకర్. ఆ మరుసటి యేడు, 1956లో, నొక్కితే కొలత ప్రకారం మందు వచ్చే ఇన్‌హేలరు బజారులోకి వచ్చింది. ఇంట్లో ఆడపిల్ల అడిగిన ప్రశ్నను కొట్టిపారెయ్యకుండా విన్న తండ్రి వల్ల ఇన్ని లక్షల మందికి ఊపిరి దక్కింది.

కాని 1960ల మధ్యలో ఇంగ్లండు, ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశాలలో వుబ్బసంతో చనిపోయే వారి సంఖ్య హఠాత్తుగా పెరిగింది. అప్పటి పంపులలో వున్నది ఐసోప్రెనలిన్ అనే ఘాటైన మందు. గుండెను దడదడలాడించేది. ఉపశమనం చేతిలో వున్నది గదా అని రోగులు పీల్చుకుంటూ కూర్చుని, ఆస్పత్రికి వెళ్లడం ఆలస్యం చేశారని కూడా కొందరు వైద్యులు అన్నారు. హెచ్చరికలు చేశాక ఆ మరణాలు తగ్గాయి. అంతకంటే భద్రమైన సాల్బుటమాల్ 1969లో వచ్చింది. అయినా తలుపు యెత్తే మందు ఒక్కదానినే నమ్ముకోవడం మంచిది కాదని, 2019 నుంచి వుబ్బసం మీద అంతర్జాతీయ వైద్యసంఘం వారు పెద్దలకూ, పన్నెండేళ్లు దాటిన పిల్లలకూ స్టిరాయిడు కలిసిన చికిత్సే చెబుతున్నారు. రెండు పనులూ ఒకే ఇన్‌హేలరులో చేసేవి కూడా వచ్చాయి. మీకు యేది తగునో మీ డాక్టరును అడగండి.

ఇప్పుడు పంపు వాడే విధానం. చాలా మంది తప్పు చేసేది యిక్కడే. నేను చేసినవి మీకు తెలుసు గదా! మూత తియ్యాలి. లోపల యేమైనా దూరిందేమో చూడాలి. చేతిసంచీలో అడుగున చిల్లర డబ్బులు, పిన్నీసులు వుంటాయి. అవి లోపలికి వెళితే మందుతో పాటు గొంతులోకి పోతాయి. తరువాత డబ్బాను బాగా ఆడించాలి. కొత్తదయినా, కొన్నాళ్లుగా వాడనిదయినా ముందు రెండు మూడుసార్లు గాలిలోకి నొక్కి చూడాలి. నిటారుగా కూర్చుని, లోపలి గాలి మెల్లగా బయటికి వదలాలి. పంపు నోరు పళ్ల మధ్య పెట్టి పెదవులు మూయాలి. మెల్లగా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టి, అప్పుడు ఒక్కసారి నొక్కాలి. మందు వచ్చింది గదా అని ఆగకుండా, మూడు నాలుగు సెకన్ల పాటు మెల్లగా, లోతుగా తీస్తూనే వుండాలి. పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టి, వదలాలి. రెండోది కావాలంటే అర నిమిషం, నిమిషం ఆగి, మళ్లీ ఆడించి పీల్చాలి. ఒకేసారి రెండుసార్లు నొక్కకూడదు.

గొట్టంలో పొడి గొట్టాం వేసుకుని పీల్చే రకం కూడా మన వైపు చాలామంది వాడతారు. దానిని పైదానికి సరిగ్గా వ్యతిరేకంగా, జోరుగా, గట్టిగా పీల్చాలి. ఆ గొట్టాన్ని మాత్ర అనుకుని నీళ్లతో మింగిన వారున్నారని డాక్టరుగారు చెబితే నాకు నవ్వు రాలేదు. నేను చేసింది అంతకంటే గొప్ప పని కాదు గదా!

నొక్కడమూ పీల్చడమూ ఒకేసారి కుదరని పిల్లలకూ, ముసలివారికీ స్పేసరు అనే డబ్బా దొరుకుతుంది. పంపుకూ నోటికీ మధ్య అది పెట్టుకుంటే మందు గొంతుకు కొట్టుకోకుండా లోపలికి వెళుతుంది. నన్నడిగితే ప్రతివారికీ అది మంచిదే. వారానికోసారి సబ్బునీళ్లలో ముంచి, తుడవకుండా ఆరబెట్టాలి. గుడ్డతో తుడిస్తే గోడలకు మందు అంటుకుపోతుంది. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ వైద్యులు అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున పంపు నోరు బిగుతుగా పట్టేటంత కన్నం చేసి, సందులు అతికి, పిల్లలచేత మూతి దగ్గర పీల్పించి చూశారు. కొన్న స్పేసరుతో సమానంగా పనిచేసిందని 1999లో ప్రకటించారు. కొనగలిగిన వారు కొనుక్కోండి. అత్యవసరంలో యేమీ లేకపోతే యిదొకటి గుర్తు పెట్టుకోండి.

ఆయాసం ముంచుకు వచ్చినప్పుడు రోగిని పడుకోబెట్టకండి. కూర్చోబెట్టి, కాస్త ముందుకు వంచి, బిగుతు బట్టలు వదులు చెయ్యండి. చుట్టూ మూగకండి. మీ డాక్టరు వ్రాసిచ్చిన పద్ధతి వుంటే అదే చెయ్యండి. లేకపోతే ఆస్ట్రేలియాలో ప్రథమ చికిత్సలో నేర్పే లెక్క సులువుగా గుర్తుంటుంది: నాలుగు, నాలుగు, నాలుగు. స్పేసరులోకి ఒకసారి నొక్కి నాలుగు ఊపిరులు. అలా నాలుగుసార్లు. తరువాత నాలుగు నిమిషాలు ఆగి చూడాలి. తగ్గకపోతే మళ్లీ నాలుగు. అప్పటికీ తగ్గకపోతే 108కి ఫోను చెయ్యాలి. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన యీ బండి నెంబరు పసిపిల్లలకు కూడా నేర్పండి. బండి వచ్చేదాకా నాలుగేసి చొప్పున యిస్తూనే వుండాలి.

కొన్ని గుర్తులు కనబడితే మాత్రం లెక్కలు పెట్టుకుంటూ కూర్చోకుండా ముందే 108కి చెప్పాలి. వాక్యం పూర్తిగా చెప్పలేకపోవడం, డొక్కలు యెగరెయ్యడం, పెదవులు నీలం తిరగడం, మగతగా తూలడం. పిల్లికూతలు హఠాత్తుగా ఆగిపోయి, మనిషి మాత్రం తేరుకోకపోతే అది తగ్గడం కాదు. గాలి కదలడమే లేదన్న మాట. అది అన్నిటికంటే ప్రమాదం.

పంపు వాడాక చేతులు కాస్త వణకడం, గుండె దడగా వుండడం సహజం. కాస్సేపట్లో పోతుంది. కాని ఆయాసమల్లా వుబ్బసం కాదు. పెద్దవారికి గుండె జబ్బు వల్ల, పసివారికి గొంతులో వేరుశనగ గింజ అడ్డం పడడం వల్ల కూడా ఆయాసం వస్తుంది. అంచేత "మా వదినకు పనిచేసింది" అని యెవరి పంపో తెచ్చుకుని సొంత వైద్యం చేసుకోకూడదు. రక్తపుపోటుకూ, కంటికీ వాడే కొన్ని మందులూ, కొన్ని నొప్పి మాత్రలూ వుబ్బసాన్ని రేపుతాయి. యే డాక్టరు దగ్గరకు వెళ్లినా వుబ్బసం వున్నదని ముందే చెప్పాలి.

గృహిణులకు మరికొన్ని మాటలు. డబ్బా మీద యెన్ని పీల్పులు మిగిలాయో అంకెలు కనబడే రకం మంచిది. అంకెలు లేకపోతే వాడినప్పుడల్లా కాలెండరు మీద గీత పెట్టుకోవాలి. నీళ్లలో వేసి తేలితే ఖాళీ, మునిగితే నిండు అనడం నమ్మదగ్గది కాదు. మందు అయిపోయినా ఆవిరి వస్తూనే వుంటుంది, మోసపోతాం. మన బెజవాడ ఎండలలో కారులోనూ, స్కూటరు పెట్టెలోనూ వదలకూడదు. ఖాళీ డబ్బాను పొడవకూడదు, నిప్పులో వెయ్యకూడదు. భోగిమంటలో పాత రబ్బరు టైర్లు వెయ్యకండి. దీపావళి నాడు వుబ్బసం వున్న పిల్లలను పొగకు దూరంగా వుంచండి. వాళ్ల గదిలో అగరువత్తులు మానండి. దేవుడు ఏమీ అనుకోడు. బడికి వెళ్లే పిల్ల పంపు పంతులమ్మగారి బల్ల సొరుగులో కాదు, పిల్ల సంచీలో వుండాలి.

ప్రతి యేటా మృగశిర కార్తెకు హైదరాబాదులో బత్తిని వారి చేప ప్రసాదం కోసం వేలమంది వెళతారు. చిన్న కొర్రమీను నోట్లో మందు పెట్టి మింగిస్తారు. దానితో వుబ్బసం నయమవుతుందని శాస్త్రపరీక్షలలో రుజువు కాలేదు. నమ్మకం వున్న వారితో నేను తగువు పెట్టుకోను. మా అమ్మమ్మ కూడా వెళ్లి వచ్చింది. కాని వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు పంపు సంచీలోనే వుండాలి. ప్రసాదం పుచ్చుకున్నాం గదా అని రోజూ పీల్చే మందు మానకూడదు. నేను అడిగేది యింతే.

ఇక కంకిపాడు సోదరి మూడు ప్రశ్నలు. మూడోదానికి జవాబు పైన వచ్చింది. రెండోదానికి నా కథే జవాబు. నలుగురిలో వాడవద్దని పిల్లతో అనకండి. ఆ మాట ఒకసారి అంటే, పిల్ల దాన్ని మనసులో పెట్టుకుని, ఒక అర్ధరాత్రి పరాయి ఇంట్లో, ఊపిరి అందకపోయినా దుప్పటి ముసుగు పెట్టుకుని నోరెత్తకుండా పడుకుంటుంది.

మొదటి ప్రశ్నకు కూడా జవాబు అందులోనే వుంది. చెప్పండి. నిశ్చయ తాంబూలాలకు ముందే, పిల్ల ఎదుటే, తల దించుకోకుండా చెప్పండి. "మా అమ్మాయికి వుబ్బసం వుంది, మందు వాడుతుంది, అదుపులో వుంది" అంటే మూడు ముక్కలు. రేపు కడుపుతో వున్నప్పుడు కూడా డాక్టరు సలహా మీద ఆ మందులు కొనసాగించాలి. మందు వల్ల కాదు, అదుపులో లేని వుబ్బసం వల్లే తల్లికీ బిడ్డకూ యెక్కువ ప్రమాదం. ఈ సంగతి తెలియని అత్తగారు "కడుపుతో వున్నావు, మందులు మానెయ్" అంటుంది. తెలిసిన అత్తగారు పంపు ఎక్కడుందో తానే వెతికి యిస్తుంది. తెలియజెయ్యకుండా యే అత్తగారికైనా యెలా తెలుస్తుంది?

ఆ గుడివాడ సంబంధం మాకు కుదరలేదు. జాతకాలు కలవకనో, ఆస్పత్రి కబురు వాళ్ల చెవిన పడో, వాళ్లు చెప్పలేదు, మేము అడగలేదు. ఆ తరువాత వచ్చిన వారికి మా పిల్ల కాఫీ కప్పులతో పాటు తన జబ్బు సంగతి కూడా తానే చెప్పింది. ఇద్దరు వెళ్లిపోయారు. అక్క కళ్లనీళ్లు పెట్టుకున్నది. పిల్ల మాత్రం "వెళ్లేవాళ్లు ముందే వెళితే మంచిది గదా, అమ్మా" అన్నది. ఇంకా పెళ్లి కాలేదు. రెండో ఇన్‌హేలరు మానకుండా వాడుతున్నది. నీలం పంపు కిందటి సంవత్సరం మొత్తం మీద ఒకటి కూడా పూర్తిగా ఖర్చు కాలేదు.

మా హాల్లో కాలెండరు పక్కన మేకుకు ఒక గుడ్డసంచీ వేలాడుతున్నది. అందులో పంపు, స్పేసరు, మందుల పేర్లు వ్రాసిన కాగితం వుంటాయి. వచ్చిన చుట్టాలు "అదేమిటి?" అని అడుగుతారు. చెబుతాను. కొందరు తమ ఇంట్లోనూ ఒకటి వున్నదని మెల్లగా ఒప్పుకుంటారు. "ఎక్కడ పెడతారు?" అని అడిగితే చాలామంది చెప్పే జవాబు బీరువా.

కంకిపాడు సోదరీ, అమ్మాయిని యీ వారంలోనే డాక్టరుకు చూపించండి. పంపు ఎలా పీల్చాలో అమ్మాయితో పాటు మీరు కూడా నేర్చుకోండి. ఆ తరువాత నాకు మళ్లీ వుత్తరం వ్రాయండి.